గేటు దాకా అందరికీ తెలుసు

*నాలుగు వందల ఎకరాల గొడవతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పేరు ఇంటింటికీ చేరింది. అందులో ఏం చదువుతారో, సీటు ఎలా తెచ్చుకోవాలో మాత్రం చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు.*

పొద్దున తొమ్మిదిన్నర దాటింది. గచ్చిబౌలి దాటాక పాత ముంబై రోడ్డు మీద సిటీ బస్సు ఒక పెద్ద గేటు ముందు ఆగింది. ముందుగా యూరియా సంచి దిగింది. మూతి పురికొసతో కుట్టి ఉంది. లోపల బకెట్టు, దుప్పటి ఉన్నాయని దాని వాలకమే చెబుతోంది. వెనకాల ఒక అమ్మాయి, ప్లాస్టిక్ ఫైలును గుండెలకు హత్తుకుని. ఆఖరున తెల్లపంచె, భుజాన తువ్వాలతో తండ్రి. నారాయణపేట వైపు ఊళ్లో చీకటితో బయల్దేరి, ఆరాంఘర్‌లో దిగి, మెహిదీపట్నంలో బస్సు మారి ఇక్కడికి చేరారు.

"ఇదే నాయినా."

"గేటే కనవడ్తుంది. కాలేజేది?"

కాపలా మనిషి నవ్వాడు. "కాలేజి లోపలుంది పెద్దాయనా. సంచి మోసుకుని నడిస్తే మధ్యాహ్నమైతది. బండేదన్న వస్తది, కూసో."

పెద్దాయన కూర్చోలేదు. గేటు లోపలికి తొంగి చూసి అడిగాడు: "టీవీల జేసీబీలు తిరిగిన జాగ ఇదేనా?"

ఆయనకు ఈ యూనివర్సిటీ గురించి తెలిసింది అదొక్కటే. ఆయనొక్కడికే కాదు. 2025 వేసవి మొదట్లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల వ్యవహారం నెల రోజులపాటు టీవీల్లో నడిచింది. నెమళ్ల అరుపులు, జింకల పరుగులు ఫోన్లలో తిరిగాయి. అంతకు తొమ్మిదేళ్ల ముందు మరో కారణంతో ఇదే గేటు వారాల తరబడి వార్తల్లో ఉంది. తెలుగునేల మీద ఇంతగా వార్తలకెక్కిన యూనివర్సిటీ అరుదు. అయినా డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలను "అక్కడ చేరాలంటే ఏ పరీక్ష రాయాలి?" అని అడిగి చూడండి. నేను నాలుగు జిల్లాల్లో అడిగాను. ఎక్కువమంది పక్కవాడి మొహం చూశారు.

ఆ అమ్మాయి తెలుసుకుంది. పరీక్ష రాసింది. ఎమ్మే భాషాశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. కానీ ఆ పూట సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర ఆమె ఫైలు ఆగింది. అందులో బీసీ-డి పత్రం ఉంది. అది రాష్ట్రానికి చెల్లేది. ఇది కేంద్రం వారి యూనివర్సిటీ. ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం వేరే కావాలి. ఆ ముక్క ఆమె చదివిన డిగ్రీ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తర్వాత తెచ్చిస్తామని రాసిచ్చి, గడువు తీసుకుని బయటికొచ్చారు. తండ్రి తువ్వాలతో మొహం తుడుచుకుని, "కాయితమే గద, తెస్త తియ్" అన్నాడు.

ఉద్యమాల మంటలోంచి పుట్టింది

ఈ యూనివర్సిటీ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలా విశ్వవిద్యాలయాలకు ఒక దాతో, ఒక రాజో, ఒక మహనీయుడి కలో మూలం. దీనికి మూలం ఒక తగువు.

1969లో తెలంగాణ ఉద్యమం, 1972 చివర ముల్కీ నిబంధనలపై, అంటే ఉద్యోగాల్లో స్థానికులకే చోటన్న నియమాలపై, సుప్రీంకోర్టు తీర్పు, వెంటనే జై ఆంధ్ర ఉద్యమం. 1973 మొదట్లో రాష్ట్రపతి పాలన. ఉద్యోగాల్లో, చదువుల్లో ఎవరి వాటా ఎంత అన్నదే రెండు వైపులా మంట. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టి ఉన్నత చదువుల అవకాశాలు పెంచాలన్నది అందులో ఒక మాట. దానికోసం ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి 371-ఇ అధికరణం చేర్చారు. ఒక యూనివర్సిటీని స్థాపించేందుకు పార్లమెంటుకు అధికారమిస్తూ రాజ్యాంగంలో ఒక అధికరణం ఉండటం మామూలు సంగతి కాదు. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది అక్టోబర్ 2న హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది.

ఆ పుట్టుక ఫలితం నేటికీ విద్యార్థికి అందుతోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉండే లోకల్, నాన్‌లోకల్ లెక్క ఇక్కడ లేదు. శ్రీకాకుళం పిల్లకూ, ఆదిలాబాద్ పిల్లాడికీ, కేరళ నుంచో మణిపూర్ నుంచో వచ్చినవాళ్లకూ ఒకటే వరస. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఏ యూనివర్సిటీ ఎవరిదని తల పట్టుకున్నవాళ్లున్నారు గానీ, దీని విషయంలో ఆంధ్ర పిల్లల అర్హత వెంట్రుకవాసి కూడా మారలేదు. ఈ సంగతి కృష్ణా, గుంటూరు వైపు చాలా ఇళ్లలో తెలియకపోవడం నాకు వింతగా తోస్తుంది.

మొదట్లో దీనికి సొంత గూడు లేదు. ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్, అంటే సరోజినీనాయుడు ఇల్లు, తొలి చిరునామా అయింది. రసాయన శాస్త్రవేత్త గురుబక్ష్ సింగ్ మొదటి వైస్ చాన్స్‌లర్. తర్వాత ఊరికి దూరంగా, అప్పట్లో రాళ్లూ రప్పలూ తప్ప ఏమీ లేని గచ్చిబౌలికి మకాం మార్చారు. సుమారు 2,300 ఎకరాలు. ఆ రోజుల్లో అక్కడికి పోవడమంటే అడవికి పోవడమే.

▣ పేర్ల తికమక
చట్టం ప్రకారం పేరు 'హైదరాబాద్ విశ్వవిద్యాలయం'. జనం నోట 'సెంట్రల్ యూనివర్సిటీ', పత్రికల్లో 'హెచ్‌సీయూ', దరఖాస్తుల్లో 'యూఓహెచ్'. అన్నీ ఒకటే. ఉస్మానియా వేరు, అది 1918 నాటిది, రాష్ట్ర యూనివర్సిటీ. గచ్చిబౌలిలోనే ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ, తార్నాక దగ్గరి ఇంగ్లిషు, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ) కూడా కేంద్రానివే గానీ వాటి ప్రవేశాలు వేరు.

రాళ్ల విలువ తెలిసొచ్చాక

పక్కన హైటెక్ సిటీ లేచింది. రాళ్లూ రప్పల మధ్య ఉన్న స్థలం నగరంలోకెల్లా ఖరీదైన నేల అయి కూర్చుంది. నాలుగు వందల ఎకరాలను 2004లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు ఇవ్వడం, 2006లో రద్దు చేయడం, ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి కోర్టుల్లో సాగి 2024లో రాష్ట్ర ప్రభుత్వం పక్షాన తేలడం అన్నీ ఆ ఖరీదు చుట్టూ తిరిగినవే. భూమి మాదేనని ప్రభుత్వం, ఇది క్యాంపస్ ప్రాణమని విద్యార్థులు. 2025 మార్చి ఆఖరున, పండుగ సెలవుల్లో, యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని పనులు ఆపమంది. అప్పటికే సుమారు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి.

కాగితం మీద భూమి ఎవరిదన్నది న్యాయవాదుల పని. కొత్తగా చేరబోయే పిల్లలకు నేను చెప్పేది వేరే. ఈ నేల మీది గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు, పుట్టగొడుగు ఆకారంలో ఒక బండ, బఫెలో లేక్, పీకాక్ లేక్, రెండొందలకు పైగా పక్షిజాతులు, జింకలు, నక్షత్ర తాబేళ్లు. ఇనుపయుగం నాటి సమాధులను చరిత్ర విభాగం వాళ్లు క్యాంపస్‌లోనే తవ్వి చూశారు. జియాలజీ పిల్లాడికి బండలు, జీవశాస్త్రం పిల్లకు చెరువు, చరిత్ర విద్యార్థికి సమాధి సైకిలు తొక్కితే చేరేంత దూరంలో ఉన్నాయన్నమాట. ఎకరం ధర లెక్కగట్టేవాళ్ల పుస్తకంలో ఈ పద్దు ఎక్కడా రాయరు.

"లోపల ఏం చదువుతరు?"

పెద్దాయన అడిగిన రెండో ప్రశ్న ఇది. జవాబు చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు.

మన ఇళ్లలో చదువు రెండే రకాలు: డాక్టరు చదువు, ఇంజినీరు చదువు. మిగతాదంతా 'ఊరికే డిగ్రీ'. పరిశోధన అంటే తెల్లకోటు, గాజు గొట్టం గుర్తొస్తాయి. నేను ఆయనకు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంగతి చెప్పాను. ఒంగోలులో పుట్టిన ఆ భాషావేత్త 1986 నుంచి 1993 దాకా ఈ యూనివర్సిటీకి వైస్ చాన్స్‌లర్. ద్రావిడ భాషల మీద ప్రపంచం ఆయన మాటను ప్రమాణంగా తీసుకుంది. అంతటివాడు, ఇక్కడికి రాకముందే, చేసిన ఒక పని మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. జిల్లా జిల్లాలో రైతుల దగ్గరికి పోయి, నాగలిలో ఫలానా భాగాన్ని మీరేమంటారు, కాడికి కట్టే తాడు పేరేమిటి, మొదటి దుక్కినీ రెండో దుక్కినీ ఏమంటారు అని అడిగి రాసుకున్న మాటలవి. ఊరు మారితే మాట మారుతుంది. ఎక్కడ మారుతుందో, ఎందుకు మారుతుందో పట్టుకుంటే జనం ఎటు నుంచి ఎటు కదిలారో తెలుస్తుంది.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేము మాట్లాడేది రాసుకునుడు గూడ చదువేనా?" అన్నాడు. కూతురు నేల చూపు చూసి నవ్వుకుంది.

రసాయనశాస్త్రం వైపు వెళితే మరో కథ. గౌతమ్ దేశిరాజు 1979లో ఇక్కడ చేరి మూడు దశాబ్దాలు పనిచేశారు. స్ఫటికాల లోపల అణువులు ఎలా వరసకడతాయో చూసి, మనకు కావాల్సినట్టు వాటిని పేర్చవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఒకే మందు ఒక స్ఫటిక రూపంలో కడుపులో త్వరగా కరుగుతుంది, మరో రూపంలో అంత త్వరగా కరగదు. కాబట్టి ఇది మాత్ర మింగే ప్రతివాడి సంగతీ. ఆయన 1989లో రాసిన క్రిస్టల్ ఇంజినీరింగ్ పుస్తకం ఆ రంగానికి పునాదుల్లో ఒకటి. అది గచ్చిబౌలి బండల మధ్య తయారైంది. ఆ రోజుల్లో ఈ రసాయనశాస్త్ర విభాగంలోనే పనిచేసిన గోవర్ధన్ మెహతా 1994లో వైస్ చాన్స్‌లర్ అయ్యారు. తేజస్ యుద్ధవిమానం రూపకర్త కోట హరినారాయణ కూడా ఆ కుర్చీలో కూర్చున్నవారే.

మామూలు కాలేజీకీ దీనికీ తేడా తరగతి గదిలో మొదటి వారంలోనే తెలుస్తుంది. నోట్సు చెప్పి రాయించడం ఉండదు. చదవాల్సిన వ్యాసాల జాబితా ఇస్తారు. వచ్చే సోమవారం నువ్వు లేచి మాట్లాడాలంటారు. పాఠం చెప్పే ఆచార్యుడు ఆ విషయం మీదే సొంతంగా పనిచేస్తూ ఉంటాడు గనక, 'ఇది నాకూ ఇంకా అర్థం కాలేదు' అనడానికి మొహమాటపడడు. ఆ మాట గురువు నోట వినడం మన పిల్లలకు మొదట భయం, తర్వాత ధైర్యం.

మొత్తం పన్నెండు స్కూళ్లు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, గణితం, కంప్యూటర్, మానవీయ, సామాజిక శాస్త్రాలు, ఆర్థికశాస్త్రం, మేనేజ్‌మెంట్, ఇంజినీరింగ్, వైద్యం, సరోజినీనాయుడు పేరిట కళలు-కమ్యూనికేషన్. నాట్యం, రంగస్థలం, చిత్రకళల్లో పీజీ చేయాలనుకునే పిల్లలు ఈ ఆఖరి పేరు గుర్తుంచుకోవాలి. 'మెడికల్ సైన్సెస్' అని ఉంది కదా అని ఎంబీబీఎస్ కోసం వెతక్కండి, లేదు. ప్రజారోగ్యం, కంటి పరీక్షల చదువు అయిన ఆప్టోమెట్రీ లాంటివి ఉన్నాయి.

అర్థమవుతుంది గానీ నోరు లేవదు

జిల్లాల నుంచి వచ్చిన పిల్లలను ఎవరిని కదిపినా మొదటి సెమిస్టర్ గురించి ఇదే చెబుతారు. బోధన ఇంగ్లిషులో. పక్క కుర్చీలో ఢిల్లీ కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి గలగలా మాట్లాడుతుంటే, తనకూ తెలిసిన సంగతే అయినా గొంతులో అడ్డంపడుతుంది. కొందరు మూడు నెలల్లో దాటేస్తారు. కొందరికి ఏడాది పడుతుంది. లైబ్రరీలో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఒకే వ్యాసాన్ని మూడుసార్లు చదివినవాళ్లు తర్వాత పీహెచ్‌డీలు చేశారు.

క్లాసులో లేవని నోరు షాప్‌కామ్ దగ్గర లేస్తుంది. నార్త్ క్యాంపస్‌లోని షాపింగ్ కాంప్లెక్సును పిల్లలు అలాగే పిలుస్తారు. టీ గ్లాసులు, పోస్టర్లు, ఎన్నికల వాదనలు, ఐదారు భాషలు. ఒక్క రాష్ట్రం పిల్లలే ఉండే కాలేజీలో దొరకని చదువు అది. కమ్యూనికేషన్ విభాగం వాళ్లు నడిపే 'బోల్ హైదరాబాద్' 90.4 ఎఫ్ఎం రేడియో కూడా ఉంది. మైకు అంటే బెరుకు పోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అదే షాప్‌కామ్ దగ్గర 2016 జనవరి మొదట్లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 'వెలివాడ' పేరిట గుడారం వేసుకుని చలిలో పడుకున్నారు. సస్పెన్షన్ వేటు పడి హాస్టల్ నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు. వారిలో గుంటూరు బిడ్డ రోహిత్ వేముల జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. దేశమంతా కదిలింది. పిల్లలను పంపే తల్లిదండ్రుల ముందు ఈ పుట దాచి, నెమళ్ల గురించి మాత్రమే చెబితే అది పరిచయం అనిపించుకోదు. కులం గేటు బయటే ఆగిపోదు. అదే సమయంలో, ఆ అన్యాయాన్ని దేశం చెవిన పడేలా అడిగింది కూడా ఈ క్యాంపస్ పిల్లలే. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్టు ఎక్కుతున్న పిల్లలు అక్కడ తమకంటే ముందు వచ్చిన అన్నలను, అక్కలను మొదటి వారంలోనే వెతికి పట్టుకోవాలి. కష్టం వచ్చినప్పుడు ఒంటరిగా గది తలుపు వేసుకోకూడదు.

సీటుకు దారి

ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయి. సైన్సుతోపాటు తెలుగు, భాషాశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం లాంటివీ. వాటికి కేంద్రీయ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ-యూజీ రాయాలి, ఆ ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. డిగ్రీ తర్వాత ఎమ్మే, ఎమ్మెస్సీలకు ఎక్కువగా సీయూఈటీ-పీజీ. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఎంటెక్‌కు గేట్, ఎంసీఏకు నిమ్‌సెట్, ఎంబీఏకు క్యాట్ స్కోరు చూస్తారు.

ఇక్కడే చాలామంది బోల్తాపడే గొయ్యి ఉంది. సీయూఈటీ రాస్తే పని అయిపోయినట్టు కాదు. ఆ పరీక్ష పెట్టేది జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ, సీటిచ్చేది యూనివర్సిటీ. పరీక్ష తర్వాత యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్లో మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి. మంచి మార్కులు తెచ్చుకుని, ఈ రెండో మెట్టు తెలియక ఏడాది పోగొట్టుకున్న పిల్లలను నేనెరుగుదును. డిగ్రీ మూడో ఏడు శీతాకాలం నుంచే రెండు వెబ్‌సైట్లూ చూస్తూ ఉండాలి.

▣ ఒక్క కాగితం
తెలుగు రాష్ట్రాల బీసీ-ఎ, బి, సి, డి, ఇ పత్రాలు కేంద్ర విద్యాసంస్థల్లో చెల్లవు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో లేవు. ఉంటే తహసీల్దారు ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం కేంద్రం నమూనాలో తీసుకోవాలి. పాతది పనికిరాదు, తాజాది కావాలి. ఈడబ్ల్యూఎస్ పత్రానికీ అంతే. కేంద్రంలో రిజర్వేషన్లు: ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ఈడబ్ల్యూఎస్ 10 శాతం. దివ్యాంగులకు 5 శాతం.

ఖర్చు గురించి అడగని తండ్రి లేడు. ప్రైవేటు యూనివర్సిటీలు లక్షల్లో అడిగే చదువుకు ఇక్కడ మామూలు పీజీ ఫీజు వేలల్లోనే ముగుస్తుంది. పీహెచ్‌డీ దాకా వెళ్లి, జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్. అది లేని పరిశోధకులకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో పుస్తకాలు కొనాలా, మెస్ బిల్లు కట్టాలా, ఇంటికి పంపాలా అన్నది ప్రతి నెలా తేలని లెక్క. పెంచమని విద్యార్థులు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు, వాళ్లు అడగడం న్యాయమే.

▣ గచ్చిబౌలి ఒక్కటే కాదు
అనంతపురంలో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వయసులో చిన్నవి. దరఖాస్తు చేసేటప్పుడు ఇవీ చూడండి.

ఫోను

ఆ అమ్మాయిని మళ్లీ డిసెంబర్‌లో కలిశాను. షాప్‌కామ్ దగ్గర టీ తాగుతూ, కాగితం కథ చెప్పింది. వాళ్ల నాయిన మూడుసార్లు మండలాఫీసు చుట్టూ తిరిగాడట. నాలుగోసారి పత్రం చేతికొచ్చింది. పోస్టులో వేస్తే ఎక్కడ పోతుందోనని మళ్లీ చీకటితో బస్సెక్కి తానే తెచ్చిచ్చాడు. "అంత ఇంగ్లిష్‌ల ఉంది. నీ పేరు కరెక్టుగ రాసిన్రా లేదా సూస్కో" అని నిలబడి చదివించుకున్నాడట.

మొదటి సెమిస్టర్‌లో ఆమె రాయాల్సిన పేపరుకు సొంత ఊరి వ్యవసాయ పదాలు ఎంచుకుంది. లైబ్రరీలో పదకోశం తీసి, అందులోని మాటలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఇంటికి ఫోన్ చేసింది. నాగలిలో చేత్తో పట్టుకునేదాన్ని పుస్తకంలో 'మేడి' అన్నారు, మన దగ్గర ఏమంటరు నాయినా అని అడిగింది.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నాగలి ఏడుంది బిడ్డా, ట్రాక్టరొచ్చినంక పొయ్యిల వెట్టినం" అన్నాడు. మళ్లీ తనే, "ఆగు ఆగు. మేడి గాదు. మేడితోక. రాసుకో. అవతల సెల్క పెద్దయ్యను గూడ అడుగుత, పొద్దుగాల చెయ్" అన్నాడట.